గోడ అవతల ఏడుపు.. చెప్పాలా? ఊరుకోవాలా?

* పొరుగింటి పసివారిపై హింస జరుగుతోందన్న అనుమానం వస్తే..
* రుజువులు వెతకడం ఇరుగుపొరుగు పని కాదు.. సమాచారం ఇస్తే చాలు
* లైంగిక వేధింపులైతే మౌనం కూడా నేరమే

రాత్రి పదిన్నర గంటలు. వీధిలో టీవీల చప్పుడు సద్దుమణిగింది. గోడ అవతల నుంచి మొదట పెద్దల అరుపులు, ఆ వెంటనే దెబ్బల శబ్దం, తర్వాత ఏడేళ్ల పిల్లవాడి ఏడుపు. ఇవతలి ఇంట్లో భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ‘మళ్లీ మొదలైంది’ అంటుంది ఆమె. ‘మనకెందుకు? వాళ్ల పిల్లాడు, వాళ్ల ఇష్టం’ అంటాడు ఆయన. కాసేపటికి ఏడుపు ఆగిపోతుంది. దీపాలు ఆరిపోతాయి. తెల్లవారాక ఆ పిల్లవాడు చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ బడికి వెళుతుంటే ఇద్దరూ తల తిప్పుకొంటారు.

ఇది ఫలానా ఊరి కథ కాదు. గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి ఏదో ఒక రాత్రి ఎదురయ్యే సందర్భమే. విన్నది నిజమేనా? పెంపకంలో భాగంగా వేసిన దెబ్బా, లేక హింసా? ఎవరికైనా చెబితే పిల్లవాడికి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? ఈ ప్రశ్నల మధ్య నలిగి చాలామంది చివరకు మౌనాన్నే ఆశ్రయిస్తారు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది మాత్రం వారు కాదు, గోడ అవతలి పసివాడు.

పిల్లలపై వేధింపుల గురించి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనం 2007లో వెలువడింది. 12,447 మంది బాలలతో మాట్లాడి రూపొందించిన ఆ నివేదిక ప్రకారం ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనవారే. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నట్లు 53.22 శాతం మంది చెప్పారు. ఈ వేధింపులు ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు లేదా వారు నమ్మినవారే. లెక్కలు పాతవే అయినా అవి చెప్పిన సంగతి పాతబడలేదు. ప్రమాదం ఎక్కడో చీకటి సందులో కాదు, తరచూ ఇంట్లోనే ఉంటుంది. అలాంటప్పుడు దానిని గుర్తించగలిగే మొదటి వ్యక్తులు బడిలో ఉపాధ్యాయులు, ఇంటి దగ్గర ఇరుగుపొరుగువారు. వేసవి సెలవుల్లో బడి కూడా ఉండదు. మిగిలేది పక్కింటివారే.

నోరు ఎందుకు పెగలదు?

పొరుగువారి మౌనానికి కారణాలు లేకపోలేదు. అనుమానం అబద్ధమని తేలితే ఎలా అన్నది మొదటి భయం. ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవారితో, పండగలకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకునేవారితో జన్మాంత విరోధం వస్తుందేమోనన్నది రెండో భయం. పోలీసుస్టేషన్లు, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారన్నది మూడోది. పల్లెల్లో వీటికి కులం, పార్టీ, పొలం గట్టు తగాదాలు తోడవుతాయి. ‘గిట్టక చెప్పారు’ అన్న నింద పడుతుందేమోనని వెనకడుగు వేస్తారు. అద్దెకున్నవారైతే యజమాని ఇంటి గుట్టు బయటపెట్టి అక్కడే ఎలా ఉండగలమని ఆలోచిస్తారు.

వీటన్నిటి కంటే లోతైన భయం మరొకటి ఉంది. ‘అధికారులు వచ్చి పిల్లవాణ్ని ఎక్కడికో తీసుకుపోతే? తండ్రిని జైల్లో పెడితే ఆ ఇల్లు గడిచేదెలా?’ అన్నది అది. ఇది స్వార్థంతో పుట్టిన భయం కాదు. పిల్లవాడి మీద జాలితోనే పుట్టినది. అందుకే దానికి సరైన సమాధానం దొరకాలి.

ఈ భయాల్లో ఏదీ కొట్టిపారేయదగినది కాదు. అయితే చట్టం ఏమంటోందో, సమాచారం ఇచ్చాక ఏం జరుగుతుందో తెలిస్తే వీటిలో చాలావరకు తగ్గుతాయి.

అల్లరికి దెబ్బా.. హింసా?

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను అడ్డం పెట్టుకుని పిల్లల్ని కొట్టడాన్ని సమర్థించుకునే పెద్దలు నేటికీ ఉన్నారు. బడిలో శారీరక శిక్షను 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో తల్లిదండ్రులు వేసే ప్రతి దెబ్బనూ విడిగా పేర్కొని నిషేధించిన చట్టం మాత్రం లేదు. కానీ హద్దు లేకపోలేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్ ఆ హద్దు గీసింది. పిల్లల బాధ్యత లేదా అదుపు తమ చేతుల్లో ఉన్నవారు వారిపై దాడి చేసినా, వేధించినా, వదిలేసినా, కావాలని నిర్లక్ష్యం చేసినా, దానివల్ల పిల్లలకు అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగే అవకాశం ఉంటే అది నేరం. ఇందుకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఆ హింస వల్ల పిల్లలు అంగవైకల్యం వంటి తీవ్రస్థితికి చేరితే మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. దాడి, వేధింపుల విషయంలో కన్న తల్లిదండ్రులా, మారుటి తల్లిదండ్రులా, మేనమామా, పెంచుకుంటున్నవారా అన్న తేడా ఈ సెక్షన్‌లో లేదు.

పొరుగువారు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు. ఇది ఒకసారి జరిగిందా, పదేపదే జరుగుతోందా? కొట్టేది చేతితోనా, లేక కర్ర, బెల్టు, వైరు వంటి వాటితోనా? పిల్లల ఒంటిపై గుర్తులు మిగులుతున్నాయా? ఆ ఇంటి పెద్దల్ని చూస్తే పిల్లలు భయంతో బిగుసుకుపోతున్నారా? వీటిలో రెండు మూడింటికి ‘అవును’ అన్న సమాధానం వస్తే ఇక దానిని ‘పెంపకం’ అని సరిపెట్టుకోకూడదు. మొదటిసారే అయినా ప్రాణాపాయం కనబడితే లెక్కలు వేసుకుంటూ కూర్చోకూడదు.

దెబ్బలు చెప్పే సంగతులు

ఆడుకునే పిల్లలకు దెబ్బలు తగలడం సహజం. పరుగెత్తి పడినవారికి మోకాళ్లు, మోచేతులు, ముంజేతులు, నుదురు, మోకాలి కింద ఎముక దగ్గర గాయాలవుతాయి. వీపు, పిరుదులు, తొడల వెనుక భాగం, చెవులు, బుగ్గలు, మెడ, చేతుల లోపలివైపు తరచుగా కమిలితే మాత్రం ఆలోచించాలి. బెల్టు చారలు, వైరు మడత ఆకారం, అట్లకాడ అంచు, బీడీ లేదా సిగరెట్ కాల్చిన గుండ్రటి మచ్చ వంటి ఆకారమున్న గుర్తులు పడిపోవడం వల్ల రావు. ఒకే ఒంటిపై కొన్ని కొత్తవి, కొన్ని మానుతున్నవి కనిపించడం, చెప్పిన కారణానికీ గాయానికీ పొంతన లేకపోవడం, తల్లి ఒక కారణం, పిల్లవాడు మరో కారణం చెప్పడం కూడా గమనించదగినవే. ఇంకా పాకడం రాని పసికందు ఒంటిపై కమిలిన గుర్తులుంటే అసలే తాత్సారం చేయకూడదు.

గాయాలు లేకుండానూ సంకేతాలు ఉంటాయి. బడి వదిలాక ఇంటికి వెళ్లడానికి మొరాయించడం, ఎవరైనా చేయి ఎత్తితే చాలు తల దాచుకోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, హుషారుగా ఉండే పిల్ల ఒక్కసారిగా ముభావంగా మారడం, ఒక మనిషి పేరు వింటేనే భయపడటం, వయసుకు మించిన లైంగిక విషయాలు మాట్లాడటం, నడవడానికి, కూర్చోవడానికి ఇబ్బంది పడటం వంటివి వాటిలో కొన్ని.

వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. బడి మారినా, ఇంట్లో ఎవరైనా చనిపోయినా పిల్లలు ముభావంగా ఉంటారు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదులపై నీలిరంగు మచ్చలుంటాయి. పెరిగేకొద్దీ అవి వాటంతట అవే పోతాయి. వాటిని దెబ్బలని పొరబడకూడదు. కామెర్లకు, ఫిట్స్‌కు మందంటూ పసివారికి వాతలు పెట్టించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. అక్కడ ఉద్దేశం క్రూరత్వం కాకపోవచ్చు, కానీ పసివాడి ఒళ్లు కాలుతోంది, అసలు జబ్బుకు వైద్యం అందడం లేదు. వెంటనే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పి ఆసుపత్రికి చేర్చాలి.

పేదరికం నేరం కాదు

ఉదాహరణకు, కూలికి వెళ్లే ఒంటరి తల్లి ఆరేళ్ల పిల్లను, రెండేళ్ల తమ్ముణ్ని ఇంట్లో వదిలి తలుపు గొళ్లెం పెట్టి వెళుతోందనుకుందాం. పిల్లల బట్టలు మాసి ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆకలితో ఏడుస్తున్నారు. చూసేవారికి ఇది నిర్లక్ష్యంగానే కనిపిస్తుంది. కానీ ఆమెకు మరో దారి లేకపోవచ్చు. చట్టం కూడా ‘కావాలని చేసే నిర్లక్ష్యం’ అన్న మాటనే వాడింది. ఇలాంటి ఇంటికి ముందు కావాల్సింది సాయం. చిన్నవాణ్ని అంగన్‌వాడీలో, పెద్దపిల్లను బడిలో చేర్పించడానికి పూనుకోవడం, పనివేళల్లో ఒక కన్నేసి ఉంచడం ఇరుగుపొరుగు చేయగల పనులే. సాయం అందుబాటులో ఉన్నా పిల్లల్ని ఆకలికి, జబ్బుకు వదిలేస్తుంటే అప్పుడు సమాచారం ఇవ్వాలి. అలా ఇవ్వడం కూడా శిక్ష కోసమే కానక్కరలేదు. సంరక్షణ అవసరమైన పిల్లలకు ప్రభుత్వ పథకాల కింద సాయం అందేది ఆ దారిలోనే.

మరో ఉదాహరణ. పట్టణంలో ఓ ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల కనిపిస్తోంది. ‘మా దూరపు చుట్టాలమ్మాయి’ అంటారు. ఆ ఇంటి పిల్లలు బడికి వెళితే ఈమె అంట్లు తోముతుంది. తెల్లవారుజామున ముగ్గు వేస్తున్నప్పుడు చేతులపై వాతలు కనిపిస్తాయి. 14 ఏళ్లు నిండని వారిని పనిలో పెట్టుకోవడం 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం నేరం. ఇలాంటి పిల్ల కన్నవారికి దూరంగా ఉంటుంది. ఆమె తరఫున అడిగేవారు ఎవరూ ఉండరు. పొరుగువారు చెప్పకపోతే చెప్పేవారే లేరు.

లైంగిక వేధింపులైతే.. మౌనమే నేరం

పై సందర్భాల్లో చెప్పడమా, కొన్నాళ్లు గమనించడమా అన్నది చాలావరకు మనిషి విచక్షణకు వదిలిన విషయం. లైంగిక వేధింపుల విషయంలో చట్టం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందన్న భయం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ ఉండవచ్చు. బాలురకు, బాలికలకు ఈ చట్టం ఒకేలా వర్తిస్తుంది. సమాచారం ఇవ్వకపోవడాన్ని తేలిగ్గా తీసుకోరాదని, అది తీవ్రమైన నేరమని మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న స్పష్టం చేసింది. ఆ కేసులో ఆరోపణ ఎదుర్కొన్నది నేరం చేసిన వ్యక్తి కాదు, విషయం తెలిసీ చెప్పలేదన్న వైద్యుడు.

కాబట్టి పక్కింటి పాప వచ్చి ‘అత్తా, ఆ మామయ్య నన్ను ఇలా చేస్తున్నాడు’ అని చెబితే, విన్న ఆమెకు మౌనంగా ఉండే హక్కు లేదు. ‘ఆడపిల్ల భవిష్యత్తు’ అనో, ‘పరువు’ అనో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేయడం, డబ్బు ఇప్పించి సర్దుబాటు చేయడం చట్టరీత్యా చెల్లవు.

ఎవరికి చెప్పాలి?

ప్రాణాపాయం ఉన్నా, ఆ క్షణంలోనే దాడి జరుగుతున్నా 112కు ఫోన్ చేయాలి. మిగతా సందర్భాల్లో పిల్లల సహాయవాణి 1098. ఇది రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఫోన్ చేయడం ఉచితం. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా మొదలైన ఈ సేవను దేశమంతటా చాలాకాలం స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిపారు. 2023లో ప్రభుత్వాల చేతికి వచ్చింది. 112 అత్యవసర వ్యవస్థతో దీన్ని అనుసంధానించారు.

ప్రతి పోలీసుస్టేషన్‌లో కనీసం ఒక అధికారిని బాలల సంక్షేమ పోలీసు అధికారిగా నియమించాలని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఈయన హోదా ఏఎస్సైకి తగ్గకూడదు. జిల్లా కేంద్రంలో జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీ ఉంటాయి. వీటిని నేరుగా కలవవచ్చు, లిఖితపూర్వకంగానూ తెలియజేయవచ్చు. అవసరమైన పిల్లల్ని కమిటీ ముందు హాజరుపరిచే అధికారం పోలీసులకే కాదు, సామాజిక కార్యకర్తలకు, ప్రజాహితం కోరే పౌరులకు కూడా ఉంది. అలాగని పక్కింటి పిల్లవాణ్ని ఎవరికి వారు చేయిపట్టుకుని తీసుకువెళ్లడం మంచిది కాదు. సహాయవాణి ద్వారానో, పోలీసుల ద్వారానో వెళ్లడమే క్షేమం. నేరుగా చెప్పడానికి వెనకాడేవారు పిల్లవాడి తరగతి ఉపాధ్యాయుడికో, అంగన్‌వాడీ కార్యకర్తకో చెప్పవచ్చు. కానీ లైంగిక నేరమైతే ఉపాధ్యాయుడికి చెప్పి ఊరుకుంటే బాధ్యత తీరినట్లు కాదు, పోలీసులకు చేరాల్సిందే. పిల్లవాడితో పాటు తల్లి కూడా దెబ్బలు తింటోందనిపిస్తే మహిళల సహాయవాణి 181 ఉంది.

ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సింది తాము చూసినది, విన్నది మాత్రమే. ‘వాళ్లు దుర్మార్గులు’ అనడం కంటే ‘ఈ నెలలో ఫలానా మూడు రాత్రులు పది దాటాక దెబ్బల శబ్దం, ఏడుపు వినిపించాయి, మర్నాడు పిల్లవాడి మెడపై చార కనిపించింది’ అనడం ఎంతో ఉపయోగం. తేదీ, సమయం, కనిపించిన గుర్తులను ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చెప్పడం సులువు. ఇల్లు ఎక్కడో తెలిసేలా చిరునామా, గుర్తులు, పిల్లల సుమారు వయసు, వారు చదివే బడి తెలిస్తే చెప్పాలి.

చెప్పాక ఏం జరుగుతుంది?

సమాచారం అందిన వెంటనే పిల్లవాణ్ని లాక్కుపోతారన్న భయమే చాలామంది నోరు కట్టేస్తోంది. చట్టం దారి అది కాదు. సిబ్బంది వచ్చి పరిస్థితి విచారిస్తారు. ప్రమాదం ఉందని తేలితే పిల్లవాణ్ని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఒక అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు, నలుగురు సభ్యులతో కూడిన ఈ కమిటీలో కనీసం ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. దీనికి మొదటి తరగతి మేజిస్ట్రేటుతో సమానమైన అధికారాలున్నాయి. కుటుంబ పరిస్థితులపై సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో రావాలని, నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలని చట్టం గడువులు పెట్టింది.

ఆ ఉత్తర్వు అనేక రకాలుగా ఉండవచ్చు. పిల్లవాణ్ని తల్లిదండ్రులకే అప్పగించి పర్యవేక్షణ పెట్టవచ్చు. అమ్మమ్మ, నాయనమ్మ వంటి తగిన వ్యక్తి సంరక్షణలో ఉంచవచ్చు. ఏదీ కుదరనప్పుడే బాలల గృహానికి పంపాలి. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గమన్నది ఈ చట్టం మూలసూత్రాల్లో ఒకటి. పిల్లల మాట వినడం, వారి మేలునే ముందుంచడం మరో రెండు సూత్రాలు.

లైంగిక నేరాల్లో పోలీసులు కేసు నమోదు చేసి 24 గంటల్లోగా కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంటి దగ్గరో, వారు కోరుకున్న చోటో నమోదు చేయాలి. సాధ్యమైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి ఆ పని చేయాలి. యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. బాలికకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి.

అన్నిచోట్లా అన్నీ కాగితం మీద ఉన్నట్లే జరుగుతాయని చెప్పలేం. కమిటీ జిల్లా కేంద్రంలో కూర్చుంటుంది, ఊరు దూరంగా ఉంటుంది. అందుకే ఒకసారి చెప్పి వదిలేయకుండా, ఫోన్ చేసిన తేదీ రాసి పెట్టుకుని కదలిక లేకపోతే మళ్లీ చేయాలి. సహాయవాణి స్పందించకపోతే జిల్లా బాలల సంరక్షణ అధికారికి లేఖ రాయాలి.

పేరు బయటపడుతుందా? తప్పయితే?

1098కు ఫోన్ చేసేవారు తమ పేరు చెప్పడం తప్పనిసరి కాదు. చెప్పినా గోప్యంగా ఉంచమని కోరవచ్చు. అయితే చిన్న ఊళ్లో ఎవరు చెప్పి ఉంటారో ఊహించడం కష్టం కాదు. కేసు విచారణకు వస్తే చూసినవారిని పోలీసులు సాక్ష్యం అడగవచ్చు. ఈ ఇబ్బందులు లేవని చెప్పడం నిజాయితీ కాదు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు కలిసి చెబితే ఒక్కరిపైనే భారం పడదు, సమాచారానికీ బలం వస్తుంది.

అనుమానం తప్పని తేలితే శిక్ష పడుతుందేమోనన్న భయం మాత్రం అనవసరం. సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని పోక్సో చట్టం 19వ సెక్షన్ హామీ ఇస్తోంది. శిక్ష ఉండేది పగతో, బెదిరించడానికో, పరువు తీయడానికో కావాలని చేసే తప్పుడు ఫిర్యాదుకే. గట్టు తగాదా తీర్చుకోవడానికి ఈ చట్టాన్ని వాడుకుంటే ఆరు నెలల వరకు జైలు తప్పకపోవచ్చు. పొరపడటం వేరు, అబద్ధమాడటం వేరు. చట్టం ఈ రెండింటినీ ఒక గాటన కట్టలేదు.

చేయకూడనివి ఇవీ..

* కోపంతో ఆ ఇంటి మీదికి గొడవకు వెళ్లకూడదు. ‘నువ్వే బయట చెప్పావు’ అంటూ తలుపులు మూశాక ఆ కోపం పిల్లవాడిపైనే తీరే ప్రమాదం ఉంది.

* పిల్లవాణ్ని కూర్చోబెట్టి పోలీసుల్లా ప్రశ్నించకూడదు. ‘నాన్నే కొట్టాడు కదూ’ వంటి మాటలు నోట్లో పెట్టకూడదు. తానుగా చెబితే ఓపికగా వినాలి. ‘నీ తప్పేమీ లేదు, చెప్పి మంచి పని చేశావు’ అనాలి. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకూడదు. నిలబెట్టుకోలేని మాట ఇస్తే ఆ పసివాడికి మరొకరిపై నమ్మకం పోతుంది.

* ఏడుపును, గాయాలను సెల్‌ఫోన్‌లో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. బాధిత బాలల పేరు, ఫొటో, బడి, ఇల్లు వంటి గుర్తింపు వివరాలు ప్రచురించడం, వెల్లడించడం నేరం. ఆ చిత్రం పిల్లవాడి వెంట జీవితమంతా తిరుగుతుంది.

* వీధి అరుగుల మీద చర్చ పెట్టకూడదు. సంగతి చేరాల్సింది చర్య తీసుకోగలిగిన వారికే.

* లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పిల్లలకు స్నానం చేయించడం, బట్టలు ఉతకడం వద్దు. ముందు వైద్య పరీక్ష జరగాలి.

తీర్పు ఇవ్వాల్సింది పొరుగువారు కాదు

అసలు చిక్కంతా ఒక పొరపాటు ఆలోచనలో ఉంది. ‘నిజమో కాదో తేలాక చెబుదాం’ అనుకుంటారు చాలామంది. కానీ తేల్చడం పొరుగువారి చేతిలో లేదు. వారి దగ్గర డాక్టర్ లేడు, విచారణాధికారి లేడు, మూసిన తలుపు తెరిపించే అధికారం లేదు. తేలేదాకా ఆగడమంటే గాయం పెద్దదయ్యేదాకా ఆగడమే. పోక్సో చట్టం కూడా సమాచారం ఇచ్చేవారి నుంచి రుజువు కోరలేదు. తెలిసినది చెబితే చాలంది. నిజమెంతో తేల్చేందుకు వేరే యంత్రాంగాన్ని పెట్టింది. పక్కింటివారి అనుమానం తప్పయితే ఒక కుటుంబం కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వస్తుంది. అది బాధాకరమే, కానీ సరిదిద్దుకోగలిగినది. అనుమానం నిజమై ఉండి కూడా ఎవరూ నోరు విప్పకపోతే జరిగే నష్టాన్ని చాలాసార్లు సరిదిద్దలేం.

పెద్దవారైతే హింస భరించలేనప్పుడు ఇల్లు వదిలి వెళ్లగలరు, స్టేషన్‌కు వెళ్లగలరు, కనీసం పుట్టింటికి కబురు పంపగలరు. ఏడేళ్ల పిల్లవాడికి ఆ దారులేవీ లేవు. కొట్టినవారి చేతి అన్నమే తినాలి, ఆ ఇంట్లోనే పడుకోవాలి. తన బాధ బయటికి చేరవేయడానికి వాడి దగ్గరున్నది ఏడుపు ఒక్కటే. అది ఇప్పటికే గోడ దాటి వచ్చింది. విన్నవారు 1098కు ఒక్క ఫోన్ చేస్తే అక్కడి నుంచి ముందుకు సాగుతుంది.